ఓకే అనే ముందు



ఈ పాఠం ఒక చిన్న మాట గురించి. ఆ మాట మీ అందరికీ తెలుసు. రోజూ వింటారు. రోజూ అంటారు. ఆ మాట "ఓకే".

ఫోటో తీసే అబ్బాయి "ఓకే, కదలకండి" అంటాడు. పట్నంలో ఉన్న కొడుకు ఫోను పెట్టేసే ముందు "ఓకే అమ్మా" అంటాడు. మూడేళ్ళ మనవరాలు కూడా "ఓకే నానమ్మా" అంటుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాళ్ళకు కూడా ఓకే వచ్చు.

ఇంతకీ ఓకే అంటే ఏమిటి? అది ఎక్కడ పుట్టింది? ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. మా రాత్రి బడిలో ఒక అక్క అడిగింది. ఎందుకు అడిగిందో ముందు చెబుతాను.

అక్క అడిగిన ప్రశ్న

ఆ రోజు అక్క ఆలస్యంగా వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. పుస్తకం తెరవలేదు.

"ఏమైందక్కా?" అని అడిగాను.

"ఏం చెప్పమంటావు టీచరమ్మా! కూలి డబ్బులు తీసుకుందామని పోయినాను. డబ్బులిచ్చే ఆయన మిషను మీద వేలు పెట్టమన్నాడు. పెట్టినాను. ఫోనులో ఏదో వచ్చింది. 'ఓకే నొక్కాలమ్మా' అని ఆయనే నొక్కేసినాడు. ఇంకోసారి వేలు పెట్టమన్నాడు. పెట్టినాను. తర్వాత పాసుపుస్తకం చూపించుకుంటే 400 రూపాయలు తక్కువ! ఏందని అడిగితే ఏదో బీమా అంట. 'నువ్వు ఓకే అన్నావు కదమ్మా' అంటాడు."

అందరం అక్క చుట్టూ చేరాం. అక్క మళ్ళీ అడిగింది.

"నాకు తెలియక అడుగుతాను. ఓకే అంటే ఏంది?"

"సరే అని అర్థం అక్కా."

"సరే అని నేనెప్పుడన్నాను? నాకు చెప్పింది లేదు. నన్ను అడిగింది లేదు. వేలు నాది. సరే అన్నది ఆయన."

ఎవ్వరం మాట్లాడలేదు. నా దగ్గర కూడా జవాబు లేదు. నేను టీచరు ట్రైనింగు చదివాను. అక్షరాలు ఎలా నేర్పాలో అక్కడ చెప్పారు. ఇలాంటి ప్రశ్నకు ఏం చెప్పాలో చెప్పలేదు. ఆ వారం గ్రంథాలయానికి వెళ్ళి ఈ మాట గురించి చదివాను. వచ్చి బడిలో చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

రెండు అక్షరాలు

ఓకేలో రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. మొదటిది ఓ. అది మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. రెండోది కే. ఒక నిలువు గీత గీయండి. దాని నడుము నుంచి ఒక చెయ్యి పైకి, ఒక కాలు కిందికి చాచినట్టు గీయండి. అదే కే.

ఫోనులో, డబ్బులు తీసే మిషనులో ఈ రెండు అక్షరాలు పక్కపక్కన కనిపిస్తాయి. ఒక్కోసారి నాలుగు అక్షరాలతో రాస్తారు. అదీ ఓకేనే. ఇవి గుర్తుపట్టడం నేర్చుకుంటే మంచిది.

తప్పుల ఆటలో పుట్టిన మాట

అమెరికాలో బోస్టన్ అనే నగరం ఉంది. సుమారు 1838లో అక్కడి పత్రికల వాళ్ళకు ఒక సరదా పట్టుకుంది. మాటను పూర్తిగా రాయకుండా మొదటి అక్షరాలు మాత్రమే రాసేవారు. అది కూడా కావాలని తప్పుగా రాసేవారు. చదువు రానివాళ్ళు ఇలాగే రాస్తారు అన్నట్టు ఎగతాళి చేస్తూ రాసేవారు.

ఇంగ్లీషులో "ఆల్ కరెక్ట్" అనే మాట ఉంది. అంటే "అంతా సరిగ్గా ఉంది" అని. దాన్ని సరిగ్గా రాస్తే మొదటి అక్షరాలు ఏ, సీ. కానీ వాళ్ళు వినబడిన దాన్ని బట్టి తప్పు అక్షరాలు పెట్టారు. ఏకి బదులు ఓ పెట్టారు. సీకి బదులు కే పెట్టారు. అలా ఓకే తయారైంది.

1839 మార్చి 23న "బోస్టన్ మార్నింగ్ పోస్ట్" అనే పత్రికలో ఈ ఓకే అచ్చయింది. పక్కనే "ఆల్ కరెక్ట్" అని అర్థం కూడా ఇచ్చారు. అచ్చులో దొరికిన మొదటి ఓకే ఇదే అని పండితులు చెబుతారు.

ఇది విని మా బడిలో ఒక అవ్వ పకపకా నవ్వింది. "సరిగ్గా రాసి ఉంటే మనం ఓకే బదులు ఏసీ అనేవాళ్ళమా?" అంది. నిజమే. అప్పుడు ఏసీ అంటే చల్లటి గాలి మిషను కాదు, "అంతా సరి" అని అయ్యేది!

మనం కూడా ఆ ఆట ఆడి చూద్దాం. "అంతా సరి" అని రాయాలి. తప్పుగా "హంతా సరి" అని రాద్దాం. మొదటి అక్షరాలు తీద్దాం. హం, స. ఏమొచ్చింది? హంస!

ఆ రోజు నుంచి మా బడిలో లెక్క సరిపోతే "హంస" అంటారు. బోస్టన్ వాళ్ళ ఓకే ఎలా పుట్టిందో, మా హంస కూడా అలాగే పుట్టింది.

ఎన్నికల్లో ఓకే

ఆ రోజుల్లో ఇలాంటి ఆట మాటలు చాలా పుట్టాయి. "ఆల్ రైట్" అనే మాటను ఓ, డబ్ల్యూ అని రాసేవారు. "నో యూజ్" అంటే పనికిరాదు అని. దాన్ని కే, వై అని రాసేవారు. అవన్నీ వానాకాలం పుట్టగొడుగుల్లా వచ్చి పోయాయి. ఓకే ఒక్కటే మిగిలింది. ఎందుకు మిగిలింది?

దానికి ఒక కారణం 1840లో జరిగిన ఎన్నికలు. అప్పుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ అమెరికా అధ్యక్షుడు. మళ్ళీ పోటీ చేశాడు. ఆయన పుట్టిన ఊరు కిండర్‌హుక్. మన దగ్గర పెద్దమనుషులను ఊరి పేరుతో పిలుస్తాం కదా. అలాగే ఆయనను "ఓల్డ్ కిండర్‌హుక్" అన్నారు. కిండర్‌హుక్ పెద్దాయన అని అర్థం. ఆ పేరులో మొదటి అక్షరాలు కూడా ఓ, కే. ఇంకేముంది! ఆయన మనుషులు "ఓకే సంఘాలు" పెట్టారు. ఎక్కడ చూసినా ఓకే నినాదమే.

ఎదుటి పక్షం ఊరుకుంటుందా? వాళ్ళు ఒక కథ అల్లారు. ఆయనకు ముందు పదవిలో ఉన్న ఆండ్రూ జాక్సన్‌కు అక్షరాలు సరిగ్గా రావని, ఆల్ కరెక్ట్ అని రాయలేక కాగితాల మీద ఓకే అని రాశాడని ప్రచారం చేశారు. అది వేళాకోళానికి పుట్టించిన కథ. కానీ దాని వల్ల కూడా ఓకే పదిమంది నోళ్ళలో నానింది.

చివరికి వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు. మనిషి ఓడాడు. మాట గెలిచింది.

ఇక్కడ మనం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఎన్నికల్లో ఆడవాళ్ళకు ఓటు లేదు. ఓకే అనే నినాదం వీధి వీధినా మోగింది. ఎవరు పాలించాలో ఓకే అనే హక్కు మాత్రం ఆడవాళ్ళకు రాలేదు. ఆడమనిషి అని ఓటు కాదనకూడదని ఆ దేశ రాజ్యాంగంలో రాసింది 1920లో.

తంతిలో ఓకే

ఓకే నిలబడడానికి ఇంకో కారణం తంతి. తంతి అంటే టెలిగ్రాము. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. మీలో పెద్దవాళ్ళకు అది గుర్తుండే ఉంటుంది. తంతి వచ్చిందంటే గుండె దడదడలాడేది.

అమెరికాలో 1844లో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తంతి తీగ మీద కబురు పంపాడు. తర్వాత ఊరూరా తీగలు వేశారు. ఇటు ఒక మనిషి టకటకా కొడతాడు. అటు ఒక మనిషి విని రాసుకుంటాడు. ఇటు మనిషికి ఒక బెంగ. "నేను పంపింది అటు సరిగ్గా చేరిందా?" అని.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. కబురు సరిగ్గా అందితే అటు మనిషి తిరిగి ఓకే అని కొట్టాలి. ఆ ఓకే వచ్చేదాకా కబురు చేరినట్టు లెక్క కాదు.

అక్కలారా, ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆ ఓకే ఎవరు చెప్పాలి? పంపినవాడు చెప్పకూడదు. అందుకున్నవాడు చెప్పాలి. తీసుకున్న మనిషి చూసుకుని, సరిగ్గా ఉందని తెలుసుకుని, అప్పుడు చెప్పాలి. పంపినవాడే ఓకే అనుకుంటే అది ఓకే కాదు.

ఇది చెప్పగానే మా అక్క తల ఎత్తింది. "మరి నా ఓకే ఆయన ఎట్లా కొడతాడు?" అంది.

అసలు కథ ఎలా దొరికింది?

మాట పెద్దదైతే చుట్టాలు ఎక్కువవుతారు. ఓకే మా మాటే అని చాలామంది అన్నారు. అమెరికాలో చోక్టా అనే ఆదివాసీ తెగ ఉంది. వాళ్ళ భాషలో ఇలాంటి మాట ఉందని, అక్కడి నుంచే వచ్చిందని కొందరు చెప్పారు. గ్రీకు భాషలో "ఓలా కలా" అంటే అంతా బాగుంది అని. అదే ఓకే అయిందని ఇంకొందరు చెప్పారు.

ఎవరి మాట నమ్మాలి? అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు తిరగేశాడు. ఒక్కొక్క ఓకేను, అది అచ్చయిన తేదీని రాసుకున్నాడు. 1963లో, 1964లో తను కనిపెట్టిన సంగతులు వ్యాసాలుగా అచ్చు వేశాడు. బోస్టన్ పత్రిక సంగతి, ఎన్నికల సంగతి ఆయన వల్లే లోకానికి బాగా తెలిశాయి.

కథ ఎవరైనా చెబుతారు. కాగితం చూపించిన వాడి మాట నిలబడింది. చదువు వల్ల లాభం ఇదే.

చందమామ దాకా

ఎగతాళిగా పుట్టిన మాట చందమామ దాకా వెళ్ళింది. 1969 జూలై 20న ఇద్దరు మనుషులు నౌకలో చంద్రుడి మీద దిగారు. నౌక నేలను తాకింది. ఇంజను ఆపారు. ఆ క్షణంలో వాళ్ళు ఆడిన మాటల్లో ఓకే కూడా ఉంది.

అక్షరాలు రానివాళ్ళను చూసి నవ్వడానికి కొందరు చదువుకున్నవాళ్ళు ఆ తప్పు రాశారు. ఇప్పుడు ఆ తప్పునే లోకమంతా వాడుతోంది. చదువుకున్నవాళ్ళు, చదువు లేనివాళ్ళు, అందరిదీ అదే మాట. ఇక ఎవరిని చూసి ఎవరు నవ్వాలి?

కాబట్టి అక్కలారా, రాతలో తప్పు పోతే సిగ్గుపడకండి. "స" బదులు "శ" రాశారా? దీర్ఘం మరిచారా? దిద్దుకోండి. మళ్ళీ రాయండి. తప్పు పోతుందని పెన్ను కింద పెట్టకండి.

ఊ కొట్టడం వేరు, ఓకే అనడం వేరు

మన తెలుగులో ఒప్పుకోవడానికి మాటలకు కొదవ లేదు. సరే. అలాగే. ఔను. మంచిది. కానివ్వండి. సై. అన్నీ ఒకటి కాదు. "సరే" అంటే ఒప్పుకున్నట్టు. "సరేలే" అంటే మనసు లేకుండా ఒప్పుకున్నట్టు. కథ వింటూ "ఊ" అంటే వింటున్నాను అని మాత్రమే.

కథకు ఊ కొట్టినట్టు కాగితానికి ఊ కొట్టకూడదు.

ఓకే అంటే "అంతా సరిగ్గా ఉంది" అని. సరిగ్గా ఉందో లేదో చూడాలి కదా? చూడకుండా ఎలా చెబుతాం? బియ్యం చెరగకుండా రాళ్ళు లేవని చెబుతామా? ఓకే కూడా అంతే.

మన చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1872లో చేసిన భారత కాంట్రాక్టు చట్టం ఉంది. ఇద్దరు మనుషులు ఒకే సంగతిని ఒకే అర్థంలో ఒప్పుకుంటే దాన్ని సమ్మతి అంటారు. భయపెట్టి, మోసం చేసి తీసుకున్నది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదు. చట్టం మన వైపు ఉంది. కానీ జరిగాక రుజువు చేయడం కష్టం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ముందే చూసుకోవాలి.

ఓకే అనే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఇది దేని గురించి?
2. ఎంత డబ్బు? ఇచ్చేది ఎవరు? తీసుకునేది ఎవరు?
3. ఒక్కసారా? నెల నెలా కట్టాలా?
4. వద్దంటే ఏమవుతుంది?

జవాబు అర్థం కాకపోతే వేలు పెట్టకండి. సంతకం చేయకండి. "చదివి చెబుతాను" అనండి. వెనకాల వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. డబ్బు మీది. వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడిగి తీసుకోండి.

ఫోను విషయంలో ఇంకో మాట. మన ఖాతాలోకి డబ్బు రావడానికి మనం పిన్ నంబరు కొట్టే పని లేదు. "డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే అది మోసం. అలా డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

అక్క రాసిన అర్జీ

పాఠం అయ్యాక అక్క పుస్తకం తెరిచింది. తెల్ల కాగితం తీసింది. బ్యాంకు మేనేజరు గారికి అర్జీ తనే రాస్తానంది. నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని రాయించలేదు.

గంట పట్టింది. "నాకు చెప్పకుండా నా కాతాలో 400 రూపాయలు తీసినారు. నేను బీమా అడగలేదు. నా డబ్బు నాకు ఇప్పించండి" అని రాసింది.

ఇంటరు చదివే ఒక పిల్ల తొంగి చూసింది. "అయ్యో పెద్దమ్మా! కాతా కాదు, ఖాతా. ఒత్తు ఖ రాయాలి" అని నవ్వింది.

అక్క కోపపడలేదు. సిగ్గుపడలేదు. "దిద్దుతాలే తల్లీ. ఓకే అనే మాటే తప్పు రాతలో పుట్టిందంట. నా రాతలో అక్షరం తప్పింది. లెక్క తప్పలేదు" అంది.

కాతాను కొట్టేసి ఖాతా అని రాసింది. కాగితం మొత్తం మొదటి నుంచి పైకి చదివింది. ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చదివింది. తర్వాత సంతకం చేసింది. మర్నాడు బ్యాంకులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది. జవాబు ఇంకా రావాలి. వారం వారం వెళ్ళి అడుగుతోంది.

మొన్న మళ్ళీ కూలి డబ్బులకు వెళ్ళింది. ఆ మనిషి "ఓకే కొడతానమ్మా" అన్నాడట. "ఆగు నాయనా. ఓకే నాది. నేను చదివినాక నేనే కొడతా" అందట. ఫోను తన వైపు తిప్పుకుని చదివిందట. రాసి ఉన్న డబ్బు, చేతికి వచ్చిన డబ్బు సరిపోయాయి.

ఆ రాత్రి బడిలో ఈ సంగతి చెప్పింది. అందరూ ఆమె వైపు చూశారు. అవ్వ అడిగింది. "అయితే ఏమంటావు?"

అక్క నవ్వింది. "హంస" అంది.

కొత్త మాటలు

సమ్మతి – ఒప్పుకోలు
అర్జీ – విన్నపం రాసిన కాగితం
తంతి – తీగ మీద పంపే కబురు, టెలిగ్రాము
ఎగతాళి – వేళాకోళం
రుజువు – నిజమని చూపించడం

చదివి చెప్పండి

1. ఓకే అనే మాట ఏ దేశంలో, ఏ నగరంలో పుట్టింది?
2. అది మొదట ఏ సంవత్సరంలో అచ్చయింది?
3. తంతి పద్ధతిలో ఓకే ఎవరు చెప్పాలి? ఎందుకు?
4. "వేలు నాది. సరే అన్నది ఆయన" అని అక్క ఎందుకు అంది?

మాట్లాడుకోండి

మీకు తెలియకుండా మీ పేరు మీద ఎవరైనా సరే అన్నారా? డబ్బు విషయంలో, పొలం విషయంలో, పెళ్ళి విషయంలో అలా జరిగిందా? అప్పుడు మీరేం చేశారు? ఇప్పుడైతే ఏం చేస్తారు?

రాయండి

1. ఖాళీ పూరించండి: కథకు ఊ కొట్టినట్టు ............ ఊ కొట్టకూడదు.
2. ఓ, కే అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఐదుసార్లు రాయండి.
3. ఓకే అనే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకోండి. పాసుపుస్తకంలో పెట్టుకోండి.